రాయలసీమలో హబ్షీల ఏలుబడి: ఆదోని సిద్దీ మసూద్ ఖాన్

తుంగభద్రకు దక్షిణంగా ఆదోని నుండి గుత్తి, రాయదుర్గం, అనంతపురం, పెనుకొండల మీదుగా మడకశిర వరకు వ్యాపించిన మెట్టభూమి ఆంధ్రదేశంలోకెల్లా వానలు తక్కువగా పడే ప్రాంతం. అనంతపురంలో సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నేడు ఈ ఊళ్ళు వేర్వేరు జిల్లాలలో చేరిపోయాయి. ఆదోని 1953లో కర్నూలు జిల్లాలో కలిసింది. పెనుకొండ 2022లో శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది. కాని 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించిన దత్తమండలాలలో ఇవన్నీ ఒకటిగానే ఉన్నాయి. 1808 తరువాత బళ్ళారి జిల్లాలోనూ, 1882లో అనంతపురం జిల్లా విడిగా ఏర్పడేదాకా, ఒకే కచ్చేరి కింద ఉండేవి. కనుక ఈ సీమ చరిత్రను నేటి జిల్లా సరిహద్దులను బట్టి కాక పాత మెట్టసీమగా చూడడమే న్యాయం.

ఈ కరవుసీమకు ఆఫ్రికా ఖండంతో రాజకీయ సంబంధం ఉండేదంటే చాలామంది నమ్మరు. పాఠ్యగ్రంథాలలో విజయనగరం, పాళెగాండ్రు, మొరారిరావు, టిప్పు సుల్తాను, మన్రో వరుసగా వస్తారు. ఆదోనిలో, కర్నూలులో పదిహేడవ శతాబ్దంలో అధికారం నెరపిన ప్రభువులలో పలువురు హబ్షీలు, అనగా అబిసీనియా నుండి, దాని పొరుగు దేశాల నుండి వచ్చినవారు, లేక వారి సంతతివారు అన్న సంగతి ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. వారిలో ఒకడు బీజాపూరు సుల్తానతుకు ఐదేళ్ళకు పైగా రాజప్రతినిధిగా ఉన్నాడు. కొనుగోలు చేయబడిన మనుషుల వర్గం ఒకటి రాజ్యభారం వహించే స్థితికి ఎలా వచ్చింది, ఆ అధికారానికి పునాది ఏమిటి, అది ఎందుకు కూలిపోయింది అన్న ప్రశ్నలు ఆదోని కోట దగ్గర స్పష్టంగా ఎదురవుతాయి.

హబష్ అనే పేరు ముస్లింలకు కొత్తది కాదు. మక్కాలో హింసకు గురైన తొలి విశ్వాసులు క్రీ.శ. 615 ప్రాంతంలో ఆశ్రయం పొందినది హబష్ రాజు నజాషీ నీడలోనే. ఆ రాజు క్రైస్తవుడు. తన దేశానికి శరణు వచ్చినవారిని శత్రువుల చేతికి అప్పగించడానికి ఆయన నిరాకరించాడు. ముస్లిం చరిత్రకారులు న్యాయపాలనకు ఉదాహరణగా ఆయన పేరు చెప్పుకున్నారు. తొలి ముఅజ్జిన్ హజ్రత్ బిలాల్‌ను కూడా హబ్షీ అనే పిలిచారు. ఇంతటి గౌరవస్మృతి ఉన్న దేశం నుండే తరువాతి శతాబ్దాలలో బానిసల వర్తకం సాగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం సుఖంగా ఉండదు. అయినా చూడక తప్పదు.

పదహారవ శతాబ్దంలో అబిసీనియా రాజ్యవ్యవస్థ ఎలాంటిది? 1270లో యెకునో అమ్లాక్ స్థాపించిన వంశం తాము సులైమాన్ ప్రవక్త సంతతి అని చెప్పుకొని ఏలుతుండేది. చక్రవర్తికి స్థిరమైన రాజధాని ఉండేది కాదు. గుడారాల పట్టణంతో ఆయన దేశం తిరిగేవాడు. వారసత్వ కలహాలకు భయపడి, రాజవంశపు మగపిల్లలను అంబా గెషెన్ అనే నిటారు కొండ మీద బంధించి ఉంచేవారు. సర్దార్లకు, మఠాలకు భూమి మీద పన్ను తీసుకునే హక్కును ఇచ్చేవారు. దాన్ని గుల్త్ అనేవారు. భూమి మీద వంశపారంపర్య హక్కు మాత్రం రైతు కుటుంబాలదే. జాగీరు ఎరిగిన దక్ఖను పాఠకుడికి ఇది పరిచయమైన ఏర్పాటులాగే కనిపిస్తుంది. తూర్పున ముస్లిం రాజ్యమైన అదాల్ ఉండేది. 1529 నుండి 1543 వరకు ఇమాం అహ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం నాయకత్వాన అదాల్‌కు, అబిసీనియాకు జరిగిన యుద్ధం ఉభయులనూ చితికించింది. రెండు వైపులా చెరపట్టినవారు సంతకెక్కారు. వీరుగాక దక్షిణాన కంబాతా, ఎనార్యా వంటి సరిహద్దు సీమలలో, ఈ రెండు మతాలకూ వెలుపల ఉన్న జాతుల పిల్లలను వేటాడి తెచ్చేవారు. జైలా, మస్సావా రేవుల నుండి ఎర్రసముద్రం దాటి మోఖా, ఏడెన్, బాగ్దాదు బజార్ల మీదుగా వారు కొంకణ తీరపు చౌల్, దాభోల్ రేవులకు చేరేవారు.

కొందరు రచయితలు హబ్షీలు ఆఫ్రికా రాజ్యతంత్రాన్ని దక్ఖనుకు తెచ్చారని వ్రాశారు. ఇది అంగీకరించదగినది కాదు. పదేళ్ళో పన్నెండేళ్ళో నిండిన పిల్లవాడు తన ఊరి భాష మరచిపోయేలోపల నలుగురు యజమానుల చేతులు మారితే, అతడు వెంట తీసుకువచ్చే రాజ్యాంగం ఏముంటుంది? వాళ్ళు అరబ్బీ చదివింది, కత్తి పట్టింది, లెక్క వ్రాయడం నేర్చింది యజమానుల ఇళ్ళలోనే. గుల్త్‌కు, జాగీరుకు ఉన్న పోలిక కాకతాళీయం. హబ్షీల ఏలుబడి దక్ఖను గడ్డ మీద, దక్ఖను అవసరాల నుండి పుట్టినది.

వారి పేర్లు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. అంబర్, జౌహర్, యాఖూత్, సందల్, రైహాన్, కాఫూర్: ఒకటి సుగంధద్రవ్యం, ఒకటి మణి, ఒకటి కెంపు, ఒకటి గంధపుచెక్క. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావివి. సరుకును ముద్దుగా పిలుచుకోవడానికి యజమానులు పెట్టుకున్నవి. దక్ఖను చరిత్రలో అత్యంత ప్రసిద్ధుడైన మలిక్ అంబర్ అసలు పేరు చాపూ అని తెలుస్తున్నది. మసూద్ అంటే భాగ్యవంతుడు. సిద్దీ అనే మాట అరబ్బీలోని సయ్యిదీ, అనగా నా ప్రభువు, అన్న మాట నుండి వచ్చినదని పండితుల అభిప్రాయం. బానిసగా వచ్చిన వర్గానికి ప్రభువన్న పేరే కులనామంగా నిలిచిపోయింది. మన పల్లెలలో జాతరలకు ఎత్తే సిడికీ, యోగులకు చెప్పే సిద్ధికీ దీనితో ఏ సంబంధమూ లేదు. ఊళ్ళ పేర్లు చెప్పేవారు ఈ మూడింటినీ కలగలుపుతుంటారు కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

దక్ఖను సుల్తానుల దర్బారులలో రెండు పక్షాలుండేవి. ఇరాను, మధ్య ఆసియాల నుండి సముద్రం దాటి వచ్చిన ఆఫాఖీలు ఒక పక్షం. ఈ దేశంలో పుట్టి పెరిగిన దక్ఖనీ ముస్లింలు మరొక పక్షం. హబ్షీలు కూడా సముద్రం దాటి వచ్చినవారే. కాని వారు దక్ఖనీల పక్షాన నిలిచారు. అధిక సంఖ్యాకులు సున్నీలు కావడం ఒక కారణం. దానికన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇరానీ ఉద్యోగికి షీరాజులోనో ఇస్ఫహానులోనో ఇల్లు, బంధువులు, తిరిగి వెళ్ళే దారి ఉండేవి. హబ్షీకి తిరిగి వెళ్ళే ఊరు లేదు. ఈ దేశపు స్త్రీలను వివాహమాడి, ఈ దేశపు భాషలు మాట్లాడి, ఇక్కడే మట్టిలో కలిసేవాడు. బంధుబలగం లేనివాడు కనుక సుల్తానుకు అతడి మీద భయం ఉండేది కాదు. ఆ కారణం చేతనే కోటలు, ఖజానాలు, చివరకు బాలసుల్తానులు కూడా వారి చేతిలోకి వచ్చాయి.

ఇక్కడ వారసత్వం రక్తసంబంధం మీదనే నడవలేదు. యజమాని మరణిస్తే అతడి సిపాయిలు, అతడి బానిసలలో సమర్థుడి వెంట నడిచేవారు. అహ్మద్‌నగరు పేష్వా చెంగీజ్ ఖాన్ హబ్షీ. అతడు కొన్న బానిస అంబర్. ఆ అంబర్ 1600లో అహ్మద్‌నగరు మొగలుల పాలైన తరువాత నిజాంషాహీ వంశపు కుర్రవాణ్ణి వెదికి గద్దె మీద కూర్చుండబెట్టి, 1626లో మరణించేదాకా రాజ్యాన్ని తానే నడిపించాడు. 1610లో ఖడ్కీ పట్టణం కట్టించాడు. అదే నేటి ఔరంగాబాదు. నీటికోసం భూగర్భ కాలువలు త్రవ్వించాడు. భూమి సారాన్ని బట్టి శిస్తు నిర్ణయించాడు. జహంగీరు తన ఆత్మకథలో అతడిని నోటికి వచ్చినట్లు తిట్టాడు గాని గెలవలేకపోయాడు.

ఇంత శక్తి ఉండి కూడా అంబర్ గద్దె ఎక్కలేదు. బీజాపూరులో 1582 నుండి 1590 దాకా సర్వాధికారిగా ఉన్న దిలావర్ ఖాన్ హబ్షీ కూడా ఎక్కలేదు. దక్ఖను హబ్షీల రాజనీతికి ఇది కీలకం. బెంగాలులో హబ్షీలు 1487లో సుల్తానును చంపి సింహాసనాన్ని ఆక్రమించారు. ఏడేళ్ళయినా నిండకుండానే నలుగురు సుల్తానులు మారి, హుసేన్ షా రాగానే ఆ వర్గమంతా దేశం నుండి తరిమివేయబడింది. దక్ఖనులో వారు వేరే దారి పట్టారు. శుక్రవారం ఖుత్బాలో ఎవరి పేరు వినబడుతుంది, నాణెం మీద ఎవరి పేరు ముద్రపడుతుంది అన్నవి ఇస్లామీయ రాజ్యాలలో ప్రభుత్వానికి రెండు గుర్తులు. ఆ రెండూ సుల్తానుకే వదలి, మిగిలినదంతా తమ చేతిలో ఉంచుకున్నారు. కొంకణంలోని జంజీరా సిద్దీలు మాత్రం కొంత భిన్నం. సముద్రపు కోట వారికి రక్షణ. అక్కడి సిద్దీ సర్దార్లు తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకునే ఆచారం చాలాకాలం సాగింది. ఆ సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమయ్యేవరకు నిలిచింది. మెట్టసీమలోని కోటకు సముద్రపు రక్షణ లేదు. ఆదోని కథ అందుకే వేరుగా నడిచింది.

1565 యుద్ధంలో విజయనగరం పతనమైన మూడేళ్ళకు, 1568లో, ఆదోని బీజాపూరు వశమైంది. అప్పటి నుండి కృష్ణా, తుంగభద్రల అంతర్వేదికి అది దక్షిణపు కావలి. అక్కడ దీర్ఘకాలం ఖిల్లాదారుగా ఉన్న మలిక్ రహమాన్ ఖాన్ హబ్షీ. ఆయన ఆదోనిలోనే మరణించగా కొండమీదనే సమాధి కట్టారు. కర్నూలును అరవీటి వంశీకుల నుండి బీజాపూరు తరఫున తీసుకున్న అబ్దుల్ వహాబ్ ఖాన్ కూడా హబ్షీ అనే కర్నూలు చరిత్రలు చెబుతున్నాయి. హంద్రీ ఒడ్డున ఆయన సమాధి గుమ్మటం నేటికీ ఉంది. ఆయన ఇంటి బానిస సిద్దీ జౌహర్. యజమాని పోయాక అతడి కుమారుణ్ణి పక్కకు నెట్టి కర్నూలును తానే ఆక్రమించాడు. సుల్తాను దృష్టిలో తిరుగుబాటుదారు అయ్యాడు. ఈ జౌహర్ అల్లుడే సిద్దీ మసూద్ ఖాన్. ఆదోని, కర్నూలుల మధ్య అబ్దుల్ వహాబ్ నుండి జౌహర్‌కు, జౌహర్ నుండి మసూద్‌కు అధికారం మారిన తీరులో కొడుకు వంతు ఒక్కసారి కూడా రాలేదు. బానిస, అల్లుడు, ఇవే మెట్లు.

ఈ ప్రభువుల కింద దేశపాలన ఎలా సాగింది? పల్లెలలో రెడ్లు, కరణాలు విజయనగర కాలంలో ఉన్నట్లే ఉన్నారు. అనంతపురం, బుక్కరాయసముద్రాలలో హండే నాయకులు బీజాపూరుకు కప్పం చెల్లించి తమ సీమలను తామే ఏలుకున్నారు. గుత్తి, గండికోటల వైపు గోల్కొండ జెండా ఎగిరింది. 1650ల తొలి ఏళ్ళలో పెనుకొండ బీజాపూరుకు చిక్కింది. ఖిల్లాదారు చేతిలో కోట, ఫిరంగులు, పేటలోని సుంకాలు, చుట్టుప్రక్కల నల్లరేగడి గ్రామాల శిస్తు ఉండేవి. రాజధానికి నిర్ణీత మొత్తం, యుద్ధకాలంలో గుర్రపుదళం పంపితే చాలు. మిగతాది అతడి సమర్థత. ఆదోని చుట్టూ ఉన్న రేగడిలో ఒక మంచి వాన పడితే ప్రత్తి, జొన్న విస్తారంగా పండుతాయి. దక్షిణంగా అనంతపురం వైపు ఎర్రనేలలోకి వచ్చేసరికి చెరువు నిండితేనే తిండి. విజయనగర కాలపు చెరువులకు గండ్లు పడకుండా చూడడమే అక్కడ పరిపాలన అనవచ్చును. ఈ చిన్న తేడా వల్లనే ఆదోని ఖిల్లాదారు ధనికుడయ్యాడు, హండే నాయకుడు కప్పం బాకీలతో సతమతమయ్యాడు.

మసూద్ పేరు చరిత్రలో మొదట వినబడేది ఈ సీమకు దూరంగా, పన్హాలా కోట దగ్గర. 1660లో సుల్తాను రెండవ అలీ ఆదిల్‌షా జౌహర్ తప్పు క్షమించి, సలాబత్ ఖాన్ అనే బిరుదు ఇచ్చి, శివాజీ మీదికి పంపాడు. జౌహర్ పన్హాలాను చుట్టుముట్టాడు. జులైలో ఒక వానరాత్రి శివాజీ కోట నుండి తప్పించుకుని విశాలగఢ్ దారి పట్టినప్పుడు, వెంటాడిన దళానికి నాయకుడు మసూద్. కనుమలో బాజీప్రభు ప్రాణాలొడ్డి అడ్డుకున్నందువల్ల శివాజీ చిక్కలేదు. జౌహర్ ఎంతోకాలం బ్రతకలేదు. మసూద్ ఆదోనికి వచ్చి స్థిరపడ్డాడు.

1672 నవంబరులో అలీ ఆదిల్‌షా మరణించగా, నాలుగేళ్ళ సికందర్ సుల్తాను అయ్యాడు. పసివాడి పేరున ఖుత్బా, అధికారం కోసం కత్తులు. దక్ఖనీ, హబ్షీ పక్షపు నాయకుడు ఖవాస్ ఖాన్ మూడేళ్ళు రాజ్యం నడిపాడు. 1675 నవంబరులో పఠాను సేనాని బహ్లోల్ ఖాన్ అతడిని బంధించి, కొద్దివారాలకు చంపించాడు. బహ్లోల్ 1677 డిసెంబరులో మరణించాడు. అతడి పఠాను సిపాయిలకు జీతాలు నెలల తరబడి బాకీ. ఖజానా ఖాళీ. ఆ సమయంలో రాజప్రతినిధి పదవికి అర్హత పాండిత్యమూ కాదు, వంశమూ కాదు. బాకీ తీర్చగల సొమ్ము ఎవరి దగ్గర ఉంది అన్నదే. అది ఆదోని ప్రభువు దగ్గర ఉంది. మొగలు సేనాని దిలీర్ ఖాన్ మధ్యవర్తిత్వంతో 1678 ఫిబ్రవరిలో మసూద్ రాజప్రతినిధి అయ్యాడు. పఠానుల జీతబాకీలు తీర్చడం, శివాజీతో చేతులు కలపకపోవడం, సుల్తాను సోదరి షహర్‌బానూను మొగలు అంతఃపురానికి పంపడం ఒప్పందంలోని షరతులు.

ఈ ఘట్టాన్ని చరిత్రకారులు దర్బారు కుట్రగానే చూపుతారు. ఆ సొమ్ము ఎక్కడిది అన్న ప్రశ్న వేసినవారు తక్కువ. ఖిల్లాదారు ఖజానాలోకి వచ్చేది రేగడి చేలలోని శిస్తు, పేటలోని సుంకం తప్ప మరొకటి కాదు. తుంగభద్రకు ఈవలి గడ్డ మీద ఒక వానకు పండిన ప్రత్తి, నదికి ఆవల ఎక్కడో బీజాపూరు వీధులలో అల్లరి చేస్తున్న పఠాను సిపాయిల జీతమైంది. రాజధానిని నిలబెట్టే బరువు రాజ్యంలోని ఎండుభూముల మీద పడింది. మలిక్ అంబర్ తన రాజ్యంలో శిస్తు సంస్కరించడానికి కారణం కూడా ఇదే రకపు ఇబ్బంది. మసూద్‌కు అలాంటి సంస్కరణకు వ్యవధి దొరకలేదు.

వ్యవధే కాదు, రాజ్యమూ మిగలలేదు. పఠానులు తృప్తిపడలేదు. షర్జాఖాన్ వంటి సర్దార్లు లొంగలేదు. 1679 జులైలో షహర్‌బానూ బీజాపూరు విడిచి వెళ్ళింది. నగరమంతా కంటతడి పెట్టిన ఆ సాగనంపు కూడా శాంతిని కొనలేకపోయింది. అదే ఏడు వర్షాకాలం చివర దిలీర్ ఖాన్ బీజాపూరును ముట్టడించాడు. అప్పుడు మసూద్ సహాయం కోసం ఎవరికి వ్రాశాడు? పంతొమ్మిదేళ్ళ క్రితం తాను వానలో వెంటాడిన శివాజీకి. శివాజీ పదివేల గుర్రపుదళం, తినుబండారాలు పంపి, మొగలు సీమలో అలజడి లేపాడు. దిలీర్ ఖాన్ వెనుదిరిగాడు. ఆనాటి యుద్ధాలను కేవలం మతాల పోరుగా చదివేవారికి ఈ ఉదంతం మింగుడుపడదు. బీజాపూరు ఒక సున్నీ చక్రవర్తి సేన బారి నుండి ఒక హబ్షీ ముస్లిం మంత్రి, ఒక మరాఠా హిందూ రాజు కలిసి కాపాడుకున్న నగరం.

1683 నవంబరులో మసూద్ పదవి వదిలి ఆదోనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బీజాపూరు గడప తొక్కలేదు. ఇది పిరికితనమా, వివేకమా అని చర్చించవచ్చును. ఐదున్నరేళ్ళ కాలంలో అతడు రాజధానిలో ఎవరినీ ఒక తాటిమీదికి తేలేకపోయాడన్నది నిజం. రాజప్రతినిధిగా అతడు విఫలుడని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అయితే ఔరంగజేబు సేనలు 1685లో బీజాపూరును చుట్టుముట్టినప్పుడు ఆదోని నుండి సహాయసైన్యం వెళ్ళింది. పదవి వదిలాడే గాని, సుల్తానును వదలలేదు.

రాజధానిలో చేయలేనిది మసూద్ ఆదోనిలో చేశాడు. పేట పెరిగింది. 1662 నాటిదని చెప్పే షాహీ జామియా మసీదు అతడి నిర్మాణం. బీజాపూరు పనివారి శైలిలో, చెక్కిన రాతితో, కమానుల వరుసలతో లేచిన ఆ కట్టడాన్ని బ్రిటిషు కాలపు గెజెటీరు రచయితలు కూడా జిల్లాలోకెల్లా ఉత్తమమైన ముస్లిం నిర్మాణాలలో ఒకటిగా మెచ్చుకున్నారు. చిత్రకారులు, గ్రంథాలు కూడా ఆదోని చేరాయి. క్షీణిస్తున్న రాజధాని నుండి కళ జారిపోయి ఈ ఎండుకొండల మధ్య కొన్నేళ్ళు నిలువ నీడ వెదుక్కున్నది.

1686 సెప్టెంబరు 12న, హిజ్రీ 1097లో, బీజాపూరు లొంగిపోయింది. పద్దెనిమిదేళ్ళ సికందర్ బందీ అయ్యాడు. ఆ సంవత్సరం, మరుసటి సంవత్సరం దక్ఖనులో వానలు లేవు. బీజాపూరు, గోల్కొండ ముట్టడులలో సైనికులు సైతం ఆకలికి మలమల మాడారు. 1687 సెప్టెంబరులో గోల్కొండ కూడా పడింది. ఆదోని మాత్రం నిలిచి ఉంది. ఇక్కడే హబ్షీల రాజ్యనీతిలోని చిక్కు బయటపడుతుంది. ఖుత్బాలో తన పేరు చదివించుకోని ప్రభువు సుల్తాను తరఫున కోట కాస్తున్నాడు. సుల్తాను లేడు. ఇప్పుడు ఆ కొత్త మసీదు మింబరు మీద ఎవరి పేరు చదవాలి? ఎవరి కోసం కోటను కాయాలి? సికందర్ పేరంటే అతడు బందీ. ఔరంగజేబు పేరంటే లొంగినట్లే. తన పేరంటే తరతరాల హబ్షీ ఆచారాన్ని మీరినట్లు. జంజీరా సిద్దీలకు ఈ చిక్కు లేదు. వారు కాలాన్ని బట్టి ప్రభువును మార్చుకొని, ఓడలను తమ చేతిలో ఉంచుకున్నారు.

గోల్కొండ పని ముగిశాక ఔరంగజేబు ఫిరోజ్ జంగ్‌ను ఆదోనికి పంపాడు. ఈయన కుమారుడే తరువాత హైదరాబాదులో ఆసఫ్‌జాహీ వంశం స్థాపించిన నిజాముల్ ముల్క్. ఫిరోజ్ జంగ్ మొదట చుట్టుప్రక్కల పల్లెలను కొల్లగొట్టాడు. కొండకోటను నేరుగా పట్టడం కంటె కోటను పోషించే పొలాలను పాడుచేయడం తేలిక అన్నది అప్పటి యుద్ధనీతి. రెండేళ్ళ అనావృష్టి మీద ఈ దెబ్బ. 1688 ఆగస్టులో, హిజ్రీ 1099లో, మసూద్ కోట అప్పగించాడు.

ఎందుకు అప్పగించాడన్నదానికి ఆదోనిలో ఒక కథ చెబుతారు. గెజెటీరులోనూ అది చేరింది. మొగలు సేనాని ఎంతకాలం ముట్టడించినా కోట చిక్కలేదట. మసూద్‌కు తన మసీదు మీద ప్రాణమని తెలిసి, ఫిరంగుల మూతులను కోట మీది నుండి మసీదు వైపు త్రిప్పించాడట. తన మసీదు మీద గుండు పడడం చూడలేక మసూద్ తాళాలు పంపాడట. ఈ కథను అక్షరాలా నమ్మాలా? ఔరంగజేబు సేనాని జామియా మసీదును నిజంగా కూల్చేవాడా అన్నది సందేహమే. బహుశా అది బెదిరింపు మాత్రమే కావచ్చును. తిండిగింజలు, మందుగుండు అయిపోయిన కోట లొంగడానికి ఇంత కారణం అక్కరలేదు. అయినా ఊరివారు కల్పించుకున్న కథలో కూడా ఒక లెక్క ఉంటుంది. కరవును గాని, పఠానుల బాకీని గాని వారు గుర్తుపెట్టుకోలేదు. మసీదును గుర్తుపెట్టుకున్నారు. సుల్తాను లేనప్పుడు ఈ మనిషి దేనికోసం పోరాడాలి అన్న ప్రశ్నకు వారు ఇచ్చుకున్న జవాబు ఇది: తనది అని చెప్పుకోగలిగిన ఒక్కదానికోసం. కోట సుల్తానుది, సీమ సుల్తానుది, కట్టించిన మసీదు మాత్రం అతడు దేవునికి ఇచ్చినది.

ఔరంగజేబు లొంగిన దక్ఖను సర్దార్లకు మన్సబులు ఇచ్చే తన వాడుక ప్రకారమే మసూద్ కుటుంబాన్నీ ఆదరించాడు. ఆదోని పేరు మార్చి ఇంతియాజ్‌గఢ్ అన్నాడు. అక్కడ మొగలు టంకశాల వెలసింది. ఆ నాణేల మీద ఇంతియాజ్‌గఢ్ పేరు చదవవచ్చును. కోట బాధ్యత కొంతకాలం బికనీరు మహారాజు అనూప్ సింగ్‌కు దక్కింది. ఆయన విద్యాప్రియుడు. దక్ఖనులో దొరికిన సంస్కృత గ్రంథాలను, చిత్రాలను సేకరించి బికనీరుకు పంపుతుండేవాడు. 1698లో ఆయన ఆదోనిలోనే కన్నుమూశాడు. బికనీరులోని అనూప్ సంస్కృత గ్రంథాలయం ఆయన పేరున ఉన్నదే. ఆదోనిలో చిక్కిన బీజాపూరు శైలి చిత్రాలు కొన్ని అలా రాజస్థాను ఎడారికి చేరాయి. ఒక వానలేని సీమ నుండి మరొక వానలేని సీమకు.

తరువాతి శతాబ్దంలో ఆదోని నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు అయింది. 1786లో టిప్పు సుల్తాను దాన్ని పట్టుకున్నాడు. 1800లో కంపెనీ వచ్చింది. దత్తమండలాల ప్రధాన కలెక్టరు మన్రో అనంతపురంలో మకాం పెట్టి పల్లెపల్లె కొలిపించిన భూములలో హబ్షీ ఖిల్లాదారుల కాలపు శిస్తు గ్రామాలు కూడా ఉన్నాయి. తెలుగుదేశంలో ఆఫ్రికా సంతతివారి సంగతి మళ్ళీ ఎక్కువగా వినబడేది హైదరాబాదులోనే. వనపర్తి రాజు నిజాముకు సమర్పించిన హబ్షీ గుర్రపుదళం పేరు మీద ఏ.సీ. గార్డ్స్ పేట, ఇంకా హబ్షీగూడ, సిద్దిఅంబర్ బజారు అక్కడి వాడుకలో నిలిచాయి. రాయలసీమలో అలాంటి వాడల పేర్లు పెద్దగా మిగలలేదు. ఇక్కడి హబ్షీలు దక్ఖనీ ముస్లింలలో కలిసిపోయారు.

ఆదోని కొండమీద మలిక్ రహమాన్ ఖాన్ సమాధి, కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుమ్మటం, ఆదోని పేటలో మసూద్ మసీదు, ఈ మూడూ మిగిలి ఉన్నాయి. మసీదులో నమాజు ఆగలేదు.